వేసవిలో మహేంద్రగిరి



బడులకు సెలవులిచ్చు దినములు దగ్గరపడగానే ప్రతి ఇంటను ఒక ప్రశ్న పుట్టును: ఈ వేసవికి ఎచ్చటికి పోదము? కలిగినవారు ఊటీకో కొడైకెనాలుకో టిక్కెట్లు కొందురు. అంతకు కొంచెము తక్కువ కలిగినవారు అరకులోయకు రైలెక్కుదురు. తక్కినవారు ఇంటనే కూర్చుండి, ముంజెలు తినుచు, కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టుకొని మృగశిర కార్తె కొఱకు కనిపెట్టుకొని యుందురు. మేము ఈ మూడవ తరగతికి చెందినవారము. అయినను పలాస దాటిన పిమ్మట రైలు కిటికీలోనుండి పడమటి దిక్కున నీలముగా గోచరించు నొక కొండ మమ్ములను చాలకాలము ఊరించినది. అది మహేంద్రగిరి. మేము నలుగురము. ఒకరు బడిపంతులు, ఒకరు మందుల దుకాణము నడుపువారు, ఒకరు ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు. ఈ ప్రసంగమును వ్రాసిన చేయి నాల్గవవారిది. నలుగురిలో ఎవరికిని అంతకు మునుపు మేడమెట్లు తప్ప ఏమియు ఎక్కిన అనుభవము లేదు.

వేసవిలో కొండ లెక్కుట అను అలవాటు మనకు పుస్తకముల ద్వారా వచ్చినది. అమెరికాలో 1872లో ఎల్లోస్టోన్ ప్రాంతమును మొట్టమొదటి జాతీయోద్యానవనముగా ప్రకటించిరి. అచ్చటను, హిమాలయములలోను, యూరపు కొండలలోను చలికాలమంతయు బాటలు మంచు క్రింద పూడియుండును. ఎండ కాచినప్పుడే మంచు కరగి త్రోవ బయటపడును. కావున వారికి వేసవి బాటలు తెరచు ఋతువు. మనకో, వేసవి బాటలు మూయు ఋతువు. సెలయేళ్ళెండును, ఆకు రాలును, గడ్డి చిటపట మండుటకు సిద్ధముగా నుండును. ఈ భేదమును గుర్తెఱుగక, వారి పుస్తకములు చదివి మన కొండలెక్కినచో ఏమగునో మేము చెప్పగలము. అనుభవించి చెప్పుచున్నాము.

మొదట కొండను గూర్చి నాలుగు మాటలు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో జాతీయోద్యానవనము లేదు. తెలుగువారికి దగ్గరలోనున్నది గోదావరి మీది పాపికొండలు. అది 2008లో జాతీయోద్యానవనమైనది. మహేంద్రగిరికి ఆ హోదా లేకపోయినను, ఒడిశా ప్రభుత్వము 2022లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించినది. అవును, ఒడిశా ప్రభుత్వమే. ఈ కొండ మన మందసకు పెరటి గోడవలె నున్నను, శిఖరము గజపతి జిల్లాలో నున్నది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణముతోపాటు ఈ కొండయు ఆవలి పాలికి పోయినది. కొండకు మాత్రము ఈ సంగతి తెలిసినట్లు కనబడదు. దానినుండి పుట్టిన మహేంద్రతనయ అను పేరుగల ఏరులు రెండు. ఒకటి పర్లాకిమిడి ప్రక్కగా ప్రవహించి వంశధారలో కలియును, రెండవది సోంపేట ప్రాంతమునకు దిగి బారువ వద్ద సముద్రములో పడును. రెండు రాష్ట్రములవారును త్రాగునది ఆ నీటినే.

శిఖరము ఎత్తు 1501 మీటర్లు. సముద్రమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరములోనే ఇంత ఎత్తు లేచుట తూర్పు కనుమలలో విశేషము. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తునకు గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడునని శాస్త్రజ్ఞుల లెక్క. అనగా పలాసలో ఎండ 39 డిగ్రీలున్న నాడు పైన 30 డిగ్రీలకు లోబడియే యుండును. ఈ తొమ్మిది డిగ్రీల ఆశయే మమ్ములను కొండమీదికి లాగినది. కాని ఒక చిక్కు. ఆ చల్లదనము పైన నున్నది. మనము బయలుదేరునది క్రిందనుండి. పైకి చేరులోపల దాటవలసిన ఐదారు గంటల త్రోవను గూర్చి లెక్కలో ఎవరును వ్రాయలేదు.

మొదటిసారి మేము చైత్రమాసము చివర బయలుదేరితిమి. వేకువనే ఐదు గంటలకు కొండ పాదమున నుండవలెనని సంకల్పము. పలాసలో టిఫిను చేసి పోదమనుకొంటిమి. హోటలువాడు పొయ్యి వెలిగించుసరికి తెల్లవాఱినది. తరువాత బస్సు కొఱకు నిలుచుంటిమి. మందస చేరి, అచ్చటనుండి ఆటోలో కొండ క్రింది ఊరు చేరునప్పటికి ఎనిమిదిన్నర. మా సంచులలో పులిహోర, జంతికలు, అరటిపండ్లు, ఒక దుర్భిణి, ఒక ఛత్రము నున్నవి. నీరు మనిషికొక లీటరు. ఎంత తినవలెనో బాగుగా ఆలోచించితిమి గాని ఎంత త్రాగవలెనో ఆలోచించినవారు లేకపోయిరి.

జీడిమామిడి తోటలు దాటు వఱకు త్రోవ హాయిగానే యుండెను. తోటలు తీరి ఎక్కుడు మొదలయిన పిమ్మట నీడ కరవైనది. ఆకురాల్చిన చెట్లు ఎండను అడ్డవు. ఎండలో నిలిచిన కట్టెలవలె నుండును. క్రింద రాయి కాలుచుండెను. ఒక గంట నడచినంతలో మా నీరు సగమైనది. రెండవ గంటలో మిగిలిన సగము నైనది. పంతులుగారు ఒక మామిడిచెట్టు క్రింద నిలిచి, చేతికందిన కాయ నొకదానిని కోయబోయిరి. అంతలో పైనుండి పుల్లలమోపుతో దిగుచున్న ఒక సవర వృద్ధుడు చేయెత్తి వారించెను.

“ఏటి బాబూ, సూరీడు నెత్తిమీదికొచ్చీసినాక కొండెక్కుతారేటి? మేకలు కూడా సెట్టుకిందికి సేరిపోనాయి గదా! ఆ కాయ ముట్టుకోకండి. మాకింకా కొత్త అవనేదు.”

కొత్త యనగా కొత్తల పండుగ. సవరలు మామిడి గాని, కంది గాని, కొత్తపంట ఏదియైనను దేవతకు పెట్టి పండుగ చేసికొనక మునుపు నోట పెట్టరు. పంతులుగారు సిగ్గుపడి చేయి వెనుకకు తీసికొనిరి. వృద్ధుడు మా సంచులను, మా చెప్పులను, మా పెద్దలను క్రిందినుండి మీదివఱకు చూచెను. మీ దగ్గర నీళ్ళున్నవా యని యడిగెను. లేవంటిమి. అతడు మఱి మాటలాడక మోపు క్రింద దించి, వెంట రమ్మని చేయి చూపెను.

అతని గూడ అచ్చటికి అరగంట నడక. ఆ అరగంటలోనే మా పెద్దలకు అడుగు తడబడసాగెను. ఏదో యడిగితే మఱేదో చెప్పుచుండిరి. మందుల దుకాణపు మిత్రుడు ఆయన నుదుటిపై చేయి వేసి, “చెమట లేదు” అనెను. ఆ మాటకు మా గుండెలు జారినవి. ఎండలో నడచువానికి చెమట పోయుచున్నను భయము లేదనుకొనరాదు. ఒళ్ళు కాలుచుండి, మాట తప్పినచో, చెమట ఆగినను ఆగకున్నను అది వడదెబ్బ. ఆ స్థితిలో ప్రతి నిమిషము విలువైనదే.

మేము ఆయనను చేతులపై మోసికొని గూడ చేరితిమి. సవర ఇండ్లు వరుసగా గోడకు గోడ కలిపి కట్టబడియుండును. ముందు పొడవైన అరుగు. ఎఱ్ఱమట్టి గోడపై తెల్లని పిండితో వ్రాసిన బొమ్మలు. ఆ అరుగు నీడలో పరుండబెట్టితిమి. ఒక ఇల్లాలు రెండు కుండల నీరు తెచ్చి ఆయన తలపైనను, మెడపైనను, చంకలలోను పోసినది. ఇంకొకతె అడ్డాకుల విస్తరితో విసరినది. అరగంటకు ఆయన కన్ను తెరచి మమ్ములను పేరుపెట్టి పిలిచిరి. అప్పుడు మాత్రమే ఉప్పు వేసిన చోడి అంబలి కొంచెము కొంచెముగా త్రాగించితిమి. తెలివిలేని మనిషి నోట నీరు పోయరాదు, గొంతుకడ్డుపడును. ఈ సంగతి మా మిత్రునికి తెలిసియుండుట మా అదృష్టము. సాయంకాలము చల్లబడినాక నలుగురు యువకులు మంచముకట్టి ఆయనను క్రిందికి దింపిరి. పలాసలో ఆసుపత్రి యందు రెండు దినములుండి ఆయన కోలుకొనిరి. ఇప్పుడు క్షేమముగా నున్నారు. ఈ ప్రసంగము వినుచుండవచ్చును గూడ.

ఆ దినమున మాకు చెప్పరానిదిగా తోచిన సంగతి మఱొకటి కలదు. ఆయన తలపై పోసిన రెండు కుండల నీరు ఎచ్చటిదో మఱునాడు గాని తెలియలేదు. సంచులు తెచ్చుకొనుటకు మాలో ఇరువురము తిరిగి ఆ గూడకు పోయితిమి. అప్పుడు ఆ ఇల్లాలు మాకు ఊటను చూపినది. ఒక పెద్దబండ క్రింద, దోసిలి పట్టునంత గుంట. దానిపై ఆకులు కప్పి, ఆకులపై రాయి పెట్టియున్నది. గుంట నిండుటకు ఎంతసేపు పట్టునో చూడగా, మేము నిలిచియున్న సేపటిలో చెంబెడు ఊరినది. వేసవిలో ఆ గూడ ఆడవారు తెల్లవాఱుజామున కుండలతో వరుసలో కూర్చుండెదరు. మా పెద్దలపై పోసినది వారి ఆ నాటి నీరు. సవర భాషలో నీటికి ‘డా’ అను ధ్వనికి దగ్గరగా నుండు మాట కలదు. ఆ ఒక్క మాటను మేము ఆనాడు నేర్చుకొంటిమి, నేటికిని మరువలేదు.

ఆ ఊటవద్ద నిలిచియున్నప్పుడే బాటను గూర్చి మాకొక సంగతి బోధపడినది. మేము ఎక్కిన కాలిబాట ఏల అట్లు వంకరలు తిరుగుచున్నదో, దగ్గర త్రోవ యుండగా ఏల చుట్టు తిరిగి పోవుచున్నదో మొదట మాకు అర్థము కాలేదు. వంక లన్నియు ఊటల కొఱకే. ఒక ఊటనుండి మఱియొక ఊటకు, ఒక నీడనుండి మఱియొక నీడకు ఆ బాట పోవును. ఎండలో బరువు మోసికొని సంతకు దిగు మనిషి పాదములు వేసిన బాట యది. చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు, పసుపు, అనాస, పనస, అన్నియు తలమీద దిగినవే. ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు తలమీద ఎక్కినవే. మోటారు రోడ్డు వేయువాడు ఏటవాలు కొలుచును గాని ఊటను వెదకడు. అతని బండికి దాహము లేదు గదా.

ఈ కొండలను ఒకనాడు కాలినడకన తిరిగిన తెలుగువాని నొకనిని ఇచ్చట స్మరింపకుండుట తగదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగము చేరువనున్న పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. సవరలు మాటలాడు భాషను ఎవరును వ్రాయకపోవుట చూచి, ఒక సవరను ఇంట నుంచుకొని ఆ భాష నేర్చిరి; తమ ఖర్చులతో సవర పిల్లలకు బడులు పెట్టించిరి. అడవులలో తిరుగుటచే మలేరియా పట్టుకొన్నది. కొయినా మందు తిని తిని చెవులు చెడినవి. అయినను 1931లో సవర భాషా వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. వ్యావహారిక భాష కొఱకు పోరాడిన ఆ మహనీయుని గూర్చి మేమిట్లు గ్రాంథికమున ప్రసంగించుట ఆయన వినియుండినచో ఏమనెడివారో! ఆయన జన్మదినమైన ఆగస్టు 29 ఇప్పుడు తెలుగు భాషాదినోత్సవము. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరిన 1936లోనే ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఆ సంవత్సరముననే మంగే గోమాంగో అను సవర పండితుడు తమ భాషకు ‘సోరంగ్ సోంపెంగ్’ అను క్రొత్త లిపిని కల్పించెను. మన దేశమున మొట్టమొదటి జాతీయోద్యానవనమైన హెయిలీ పార్కు, అనగా నేటి కార్బెట్టు పార్కు, ఏర్పడినదియు 1936లోనే. ఒక్క ఏడాదిలో ఒక భాషకు లిపి, ఒక రాష్ట్రమునకు హద్దు, ఒక అడవికి కంచె కలిగినవి. ఇవి ఒకదానికొకటి సంబంధము గలవని మేమనుట లేదు. తేదీలు వ్రాసికొనునప్పుడు కంటబడినవి, అంతే.

రెండవసారి మేము ముగ్గురమే పోయితిమి. పెద్దలు ఇంటనుండి ఆశీర్వదించిరి. ముందుగా అటవీశాఖవారి అనుమతి తీసికొంటిమి. సరిహద్దు దాటిన పిమ్మట ఆ అడవి ఒడిశా అధీనము గనుక ఇది తప్పని పని. ముందునాటి సాయంకాలమే ఆ గూడ చేరి అరుగుపై పండుకొని, రాత్రి మూడు గంటలకు లేచితిమి. మాకు త్రోవ చూపుటకు ఆ వృద్ధుని మనుమడు వచ్చెను. అతనికి దినకూలి ఎంతయో ముందే మాట్లాడుకొని ఇచ్చితిమి. కొందఱు యాత్రికులు ఇట్టివారికి పాతచొక్కాయో, మిఠాయి పొట్లమో ఇచ్చి దానము చేసినట్లు తలతురు. అది సరికాదని మా అభిప్రాయము. పని చేసినవానికి కూలి.

ఈసారి నీరు మనిషికి నాలుగు లీటర్లు. దాహము వేయకమునుపే త్రాగితిమి. ఉప్పు వేసిన మజ్జిగ వేఱుగా నుండెను. చీకటిలో దీపము పట్టుకొని ఎక్కునప్పుడు కొండ ఎంత ఎత్తో కనబడదు. ఇది గొప్ప సౌకర్యము. జీలుగుచెట్ల నడుమ తెల్లవాఱినది. వేయి మీటర్లు దాటినాక గాలి మాఱెను. చెట్లు పొట్టివయ్యెను, నాచు పట్టిన బండలు కనబడెను, కొంత దూరము పచ్చగడ్డి. ఎనిమిది గంటలకు మేము శిఖరముపై నుంటిమి. క్రింద మైదానము ఆవిరిలో మునిగియుండగా పైన మేము ఉత్తరీయములు కప్పుకొంటిమి.

పైన మూడు గుడులు ప్రసిద్ధములు. భీముని గుడి చిన్నది. కొలది పెద్దబండలను ఒకదానిపై నొకటి పేర్చి కట్టినట్లుండును. సున్నము లేదు, శిల్పము లేదు. దానిని చూచి భీముడే ఎత్తిపెట్టెనని జనులనుకొనుటలో ఆశ్చర్యము లేదు. ధర్మరాజు గుడి, కుంతి గుడి దాని తరువాతివి. ముఖలింగమున రాజ్యమేలిన తూర్పు గంగరాజులు తమ తామ్రశాసనములలో మహేంద్రశిఖరముపై నెలకొన్న గోకర్ణస్వామిని కులదైవముగా చెప్పుకొనిరి. అంతకు మునుపే సముద్రగుప్తుని ప్రయాగ శాసనమున ఈ పేరు కలదు. రఘువు కళింగమును జయించిన ఘట్టమున కాళిదాసు మహేంద్రమును పేర్కొనెను. పదునొకండవ శతాబ్దమున రాజేంద్రచోళుని సైన్యము ఇంతదూరము వచ్చి, విమలాదిత్యుడను కులూత ప్రభువును గెలిచి, ఈ కొండపై జయస్తంభము నాటినట్లు సంస్కృతమునను తమిళమునను శాసనము వ్రాయించినది. దానిపై చోళుల పులియు, ప్రక్కన రెండు చేపలును చెక్కబడినవి. తంజావూరినుండి సైన్యము వచ్చి ఈ కొండ ఏల ఎక్కవలెను? గంగరాజుల ఇంటిదేవుని గుమ్మములో గెలుపు చాటుటకే యని మా ఊహ. తమిళనాడులో ఇంకొక మహేంద్రగిరి కలదు. ఇస్రోవారు రాకెట్టు యంత్రములను పరీక్షించునది అచ్చట. హనుమంతుడు లంకకు దుమికిన మహేంద్రము ఏదని మాలో తొమ్మిది గంటల వఱకు వాదము జరిగినది. తేలలేదు. పరశురాముడు మాత్రము ఇచ్చటనే యున్నాడని మా వెంట వచ్చిన కుఱ్ఱవాడు నిశ్చయముగా చెప్పెను. శివరాత్రినాడు రెండు రాష్ట్రముల జనులును ఇచ్చటికి వేలసంఖ్యలో వత్తురు. ఆ పండుగ చలి విడువని కాలమున వచ్చుటలో మన పెద్దల తెలివి కలదు.

తూర్పున సముద్రము ఒక తెల్లని గీతవలె కనబడెను. తొమ్మిదిన్నరకు దిగుట మొదలిడితిమి. వేసవిలో మధ్యాహ్నము తరువాత ఆ శిఖరముపై నుండరాదు. ఏప్రిల్, మే నెలలలో రెండు మూడు గంటలకు హఠాత్తుగా మేఘములు కమ్మి ఉఱుములు మొదలగును. ఎత్తైన బోడిబండ పిడుగునకు మొదటి మెట్టు. గాలివాన కనబడినచో ఒంటరి చెట్టు క్రిందికి గాక పల్లమునకు దిగవలెను.

పిడుగు కంటె తఱచైన శత్రువు నిప్పు. ఈ నెలలలో గడ్డికి ఒక బీడీముక్క చాలును. సవరలు పోడు కొఱకు నఱికి కాల్చినప్పుడు అందఱును వారిని నిందింతురు. వారు కాల్చునది తమ చెక్కను, గాలి చూచుకొని, పక్కన నిలిచి. వినోదమునకు వచ్చి పొయ్యి రగిల్చి, ఆర్పక పోవువాడు తగులబెట్టునది ఇంకొకరి అడవిని. కావున వండిన అన్నము కట్టుకొని పోవుడు. కొండపై అగ్గిపెట్టె తీయకుడు.

ఏనుగుల మాటయు చెప్పవలెను. గజపతి జిల్లాలోని లఖారి అడవులనుండి 2007 ప్రాంతమున కొన్ని ఏనుగులు సరిహద్దు దాటి వచ్చినవి. నాటినుండి ఏనుగుల గుంపులు సీతంపేట, కురుపాం వైపు కొండలలోను, పొలములలోను కనబడుచున్నవి. పలువురు రైతులు ప్రాణములు కోల్పోయిరి. ఏనుగులును చచ్చినవి, 2023 మే నెలలో భామిని మండలమున నాలుగు ఏనుగులు విద్యుత్తు తగిలి ఒకేసారి కూలినవి. ఆ ప్రాంతము 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లా. అచ్చట కొండ నడకకు పోదలచినవారు ఆ దినమున గుంపు ఎచ్చటనున్నదో అటవీ సిబ్బంది నడిగి గాని అడుగు వేయరాదు. ఏనుగును దగ్గరనుండి చిత్రము తీయవలెనన్న కోరికను ఇంటియందే వదలి రావలెను.

ఇంత శ్రమ వలదనువారికి చిన్నకొండలున్నవి. వంశధార ఒడ్డున శాలిహుండము మీది బౌద్ధస్తూపములను సూర్యోదయమునకు చూచి, ఎండ ముదురులోపల ఇల్లు చేరవచ్చును. విజయనగరమునకు చేరువ రామతీర్థమున గురుభక్తుల కొండ యున్నది. శృంగవరపుకోట ప్రక్కన పుణ్యగిరిలో వేసవిలోను నీటిధార యుండుటచే పిల్లలతో పోవువారికి అది మేలు. మొదటి ఏడు ఇవి నడచి, రెండవ ఏడు మహేంద్రగిరి తలపెట్టుడు. మేము తలక్రిందులుగా చేసితిమి.

ఇక బాట సంగతి. ఒడిశా వైపున కోయింపూరు మీదుగా మోటారు రోడ్డు కొండపైకి వచ్చినది. వృద్ధులకును రోగులకును మేలే. వలదనుట మా ఉద్దేశము కాదు. కాని రోడ్డు వచ్చినది మొదలు మన వైపు కాలిబాటపై అడుగు తగ్గినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువ తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చి, ఈ కొండల మీదను విరుచుకొని పడినది. నాడు పడిన మ్రాకులు కొన్ని నేటికిని త్రోవకడ్డముగా నున్నవని ఆ కుఱ్ఱవాడు మాకు చూపెను. వానిని చుట్టి కొత్త అడుగుజాడ ఏర్పడినది. ఆ జాడ ఒక ఊటను తప్పించి పోవుచున్నది. నడక లేని బాట మూడు వర్షకాలములలో పొదయగును. దానితోపాటు ఏ బండ క్రింద నీరున్నదో తెలిసిన జ్ఞాపకమును పోవును. ఆ గూడ ఆడవారు అడ్డాకుల కొఱకు ఇంకను ఆ త్రోవనే పోవుచున్నారు. వారికి మోటారు రోడ్డుతో పని లేదు.

పెద్ద కట్టడములు, హోటళ్ళు, తీగెలపై నడచు బండ్లు ఆ కొండకు అక్కఱలేదని మా నమ్మకము. కూలిన మ్రాకులను తొలగించుట, ఊటల చుట్టు రాతికట్టు, ‘ఇచ్చట స్నానము చేయరాదు, ఈ నీరు గూడవారిది’ అని తెలుగునను, ఒడియాలోను, సవరలోను వ్రాసిన పలక, త్రోవ చూపు యువకులకు నిర్ణయమైన కూలి, ఇవి చాలును. వీనికి కావలసినది లక్షలు కాదు. రెండు రాష్ట్రముల అటవీ అధికారులు ఒకనాడు కలిసి ఆ బాట నడచినచో మిగిలినది వారికే తోచును. మూడు గంటలకు బయలుదేరవలెనని మాత్రము వారికి ముందుగా చెప్పుడు.

మేము దిగి గూడ చేరునప్పటికి ఒంటిగంట. మా వద్ద రెండు లీటర్ల నీరు మిగిలియుండెను. దానిని ఆ ఇల్లాలి కుండలో పోయబోగా ఆమె నవ్వి, “ఆ ప్లాస్టిక్కు నీళ్ళు మాకొద్దు బాబూ, మీ తాతగారికి ఎలాగున్నాది?” అని యడిగినది. బాగున్నారని చెప్పితిమి. ఈ ఏడు కొత్త అయినదా యని పంతులుగారు అడిగిరి. అయినదని చెప్పి, ఆమె మాకు నాలుగు మామిడికాయలు ఇచ్చినది. నాల్గవది రాలేకపోయిన పెద్దలకట.

పలాసలో రాత్రి రైలునకు చాలసమయ మున్నది. త్రోవలో మందసలో ఆగుడు. అచ్చటి కోవా ప్రసిద్ధమైనది. ఎండలో మాత్రము అది ఇంటివఱకు నిలువదు. మాకు నిలువలేదు. రైలులోనే తినివేసితిమి.